బదులు డ్యూటీ

గేటు దగ్గరి వేలిముద్ర మిషన్ లిదియక్క బొటనవేలిని ఒప్పుకోలేదు. ఎర్ర లైటు వెలిగింది. ఆమె వేలిని కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్ర లైటే. మా ప్లాంటులో అదేం వింత కాదు. విత్తనాలకు పట్టించే ఎర్ర మందు మా వేళ్ళ గీతల్లో ఇంకిపోయి ఉంటుంది, ఆ మిషన్‌కు వేలేదో మందేదో తెలియదు. వెనక లైన్లో ఉన్నవాళ్ళం నవ్వుకుంటున్నాం. "అక్కా, జర ఉఫ్ అని ఊదు" అన్నాడు ఎవడో. ఆమె ఊదింది కూడా.

అప్పుడు సెక్యూరిటీ అతను కుర్చీలోంచి లేచాడు. ఆమె మొహం వైపు చూడలేదు.

"ఊదుడు వద్దక్కా. నీ వేలు తీసేసిండ్లు."

"ఎవరు తీసిండ్లు?"

"పైనోళ్ళు. ఆఫీసుల నీకు కవరున్నదట. అది ఇచ్చి పంపియ్యమన్నరు. లోపలికి మాత్రం పోనియ్యొద్దన్నరు."

అతనే లోపలికి పోయి ఆ కవరు తెచ్చి ఇచ్చాడు. కవరు ఆమె అక్కడే చింపింది. ఇంగ్లీషులో ఉంటే నేను చదివి చెప్పాను. సర్వీసు రికార్డు సమీక్షించిన మీదట, ప్రజాప్రయోజనం దృష్ట్యా, గ్రేడర్ లిదియాను నిర్బంధంగా పదవీ విరమణ చేయిస్తున్నామని రాశారు. యాభై ఏళ్ళు దాటిన ఉద్యోగిని ఎప్పుడైనా అలా ఇంటికి పంపే అధికారం నిబంధనల్లో ఉందట. కింద జనరల్ మేనేజర్ కిషన్ రావు సంతకం.

"అంటే నేను పనికి రానని అన్నట్టా, రాంప్రసాదూ?" అని అడిగింది.

పక్కనే ఉండి పాతికేళ్ళు చూశాను నేను. ఆమె నిలబడే గ్రేడింగ్ మిషన్‌కు ఆపరేటర్‌ని నేనే. పుచ్చు గింజ, నలిగిన గింజ, మొలక రాని గింజ ఆమె చేతి కిందినుంచి తప్పించుకుని బస్తాలోకి పోయిన రోజు నాకు గుర్తు లేదు. ఘన్‌పూర్ వైపు రైతు మా సంచి కుట్టు విప్పి మక్కలు చల్లుకుంటే మొలిచాయంటే అందులో ఆ చేతిది కూడా వాటా ఉంది. ఆ చెయ్యి ప్రజలకు ప్రయోజనం కాదట.

కార్మికుడా, విద్యార్థీ, ఈ ప్రజాప్రయోజనం అనే మాట దగ్గర కాస్త ఆగి ఆలోచించు. మా దక్కన్ విత్తన సంస్థ సర్కారుది. దాన్ని ఒక కాంట్రాక్టరుకు లీజుకిచ్చే బేరం అప్పటికే నడుస్తోంది. పర్మనెంటు మనుషులు ఉన్నంతకాలం కాంట్రాక్టరు కాలు పెట్టడు, వాడికి ఖాళీ షెడ్డు కావాలి. అందరినీ ఒకేసారి తీస్తే గొడవ. ఒక్కొక్కరిని తీస్తే అది సమీక్ష. ఆ సమీక్షలో మొదటి పేరు మా యూనియన్ జాయింట్ సెక్రటరీ లిదియక్కది కావడం యాదృచ్ఛికం అని కిషన్ రావు అంటాడు. మేం నమ్మాలి.

అయితే ఆమె రికార్డులో వాళ్ళకు దొరికింది ఏమిటి? అది చెప్పాలంటే మా రివాజు చెప్పాలి.

మా ప్లాంటులో సగం మంది ఊళ్ళనుంచి వచ్చే రైతుకూలీ ఇళ్ళవాళ్ళు, మేడారం మొక్కులున్నవాళ్ళు. మిగతా వాళ్ళలో చాలామంది ఫ్రాన్సిస్‌లూ హెప్సిబాలూ, చర్చివాళ్ళు. రెండేళ్ళకోసారి సమ్మక్క సారలమ్మ జాతర వస్తే మొదటి సగం పోయేది, రెండో సగం వాళ్ళ మిషన్ల మీద కూడా నిలబడేది. క్రిస్మస్‌కూ గుడ్ ఫ్రైడేకూ మొక్కులవాళ్ళు చర్చివాళ్ళ డ్యూటీ చేసేవాళ్ళు. దాన్ని మేం బదులు డ్యూటీ అనేవాళ్ళం. మా తండ్రుల కాలం నుంచీ ఉంది. సూపర్‌వైజర్లు అందరికీ హాజరు వేసేవాళ్ళు, ఎందుకంటే పని ఆగేది కాదు. జాతరలో కూడా ఆగని ప్లాంటు మాది ఒక్కటేనని కిషన్ రావే ఒకసారి చైర్మన్‌ ముందు గొప్పలు పోయాడు.

లిదియక్కకు జోడీ మల్లక్క. ఘన్‌పూర్ పక్క ఊరు ఆమెది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. మల్లక్క జాతరకు పోతే లిదియక్క, లిదియక్క చర్చికి పోతే మల్లక్క. లిదియక్క ప్రసాదం తినదని మల్లక్కకు తెలుసు. అందుకే గద్దెల దగ్గరి బెల్లం తేకుండా, జాతర దుకాణంలో ఖర్జూరాల పొట్లం విడిగా కొనుక్కొచ్చేది. లిదియక్క క్రిస్మస్ కేకును మల్లక్క మాత్రం ఏ పట్టింపూ లేకుండా తినేది.

వేలిముద్ర మిషన్ వచ్చాక ఈ రివాజు చిక్కుల్లో పడింది. మిషన్‌కు బదులు తెలియదు, వేలే కావాలి. పోయిన జాతర తర్వాత ఆఫీసు అందరినీ అడిగింది, ఎందుకు రాలేదో రాసివ్వమని. మేం తెలివైనవాళ్ళం కదా, అందరం జ్వరం అని రాశాం. వారంలో సగం ప్లాంటుకు జ్వరం. ఆఫీసు ఒక్క ప్రశ్న అడగలేదు, జ్వరాలన్నీ ఫైల్లో పెట్టుకుంది. మేం దాన్ని మేడారం జ్వరం అని నవ్వుకున్నాం.

లిదియక్కను క్రిస్మస్ రోజుల గురించి అడిగారు. ఆమె జ్వరం అని రాయలేదు. "దేవుని పండుగకు పోయి జ్వరమని ఎట్ల రాస్త?" అని, ఉన్నదున్నట్టు రాసింది. పండుగకు పోయాను, నా బదులు మల్లక్క చేసింది, జాతరలో ఆమె బదులు నేను చేశాను అని. కింద సంతకం. అబద్ధం రాసినవాళ్ళం అందరం లోపల ఉన్నాం. నిజం రాసిన ఒక్క మనిషి గేటు బయట నిలబడింది.

*

హైకోర్టులో రిట్ వేశాం. మా వకీలు హారిక కాజీపేట పిల్లే, హైదరాబాదులో ప్రాక్టీసు. సంస్థవాళ్ళు కోర్టులో జవాబు దాఖలు చేశాక ఒక ఆదివారం ఆమె దిగింది. చర్చి వదిలే వేళకు సమ్మమ్మ చాయ్ కొట్టు వెనకాల రేకుల కింద అందరం పోగయ్యాం.

"చూడుండ్రి, ఉన్నది ఉన్నట్టు చెప్త" అంది హారిక. "ఇది శిక్షే కాదంటది చట్టం. పెన్షన్ వస్తది గద, మచ్చ లేదు గద అంటది. శిక్ష కాదు గనుక పిలిచి అడిగే పని కూడ లేదంటది. ఉంచాలా పంపాలా తేల్చేది మేనేజ్‌మెంటే. జడ్జి పోయి మేనేజర్ కుర్చీల కూసోడు."

"మరి కోర్టెందుకు?" అన్నాడు యాకయ్య. హమాలీల పెద్ద ఆయన. యాభై ఆరు దాటాయి. పాలకుర్తి దగ్గరి ఊరు.

"కుర్చీల కూసోడు గని కాకా, ఆ కుర్చీకి కాళ్ళున్నయా లేవా అని వంగి చూస్తడు. ఫైల్ల ఏమన్న ఉన్నదా, ఉత్తగనే తీసిండ్లా? పగతోని చేసిండ్లా? అందరు చేసే పనికి ఒక్కామెనే పట్టిండ్లా? గివే చూస్తడు. మనకున్న తొవ్వ గంతే."

"వాళ్ళ ఫైల్ల ఏమున్నది?"

"లిదియక్క చేతిరాత. క్రమశిక్షణ లేదు, తన ఇష్టమొచ్చినట్టు మనుషుల్ని మార్చుకుంటది అని దాని మీదనే కట్టిండ్లు. అది ఒక్కామె పని కాదు, అందరి రివాజు, మేనేజ్‌మెంట్‌కు ఎరుకే అని మీరు ప్రమాణ పత్రాలియ్యాలె. అంటే మీ జ్వరాలు అబద్ధమని మీరే ఒప్పుకోవాలె."

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు.

"అబద్ధం రాసిన అని సంతకం పెట్టిస్తే, మమ్ముల తీయనీకి వాళ్ళకు ఇంకేం కావాలె?" అన్నాడు యాకయ్య. "కత్తి వాళ్ళ చేతికిచ్చి మెడ మనమే చాపినట్టు. నాకు ఇంక రెండు మూడేళ్ళ సర్వీసున్నది. బిడ్డ నర్సింగ్ చదువుతాంది."

"నాకు మాత్రం లేదా సంసారం?" అంది ఇంకొకామె.

స్టోర్స్‌లో పనిచేసే ఒకడు మెల్లగా అందుకున్నాడు. "అయినా ఆమె పోయింది ఆమె పండుగకు. మన జాతరకు దానికి ఏం సంబంధం? వాళ్ళ చర్చోళ్ళే చూసుకోవాలె."

మల్లక్క అప్పటిదాకా మూలన ముడుచుకుని కూర్చుంది. అంత సేపు ఆమె నోరు మూసుకుని ఉండడం నేనెప్పుడూ చూడలేదు. లేచి వాడి ముందుకు వచ్చింది.

"ఏందిరో, మళ్ళొక్కసారి అను. అమ్మ గద్దె ముందట నేను కొబ్బరికాయ కొట్టేటప్పుడు నా మిషన్ ముందట ఎవరు నిలబడ్డరు? నీ తాతనా? రెండు మిషన్లు చూసి చూసి ఆమె కాళ్ళు వాచినయి. నా మొక్కుల సగం ఆమెదే. సమ్మక్క తల్లి ఎవరి మీదికి పోయింది? కప్పం కట్టుమన్న రాజు మీదికి పోయింది. నీ లెక్క పక్కనున్న మనిషి మీదికి పోలె."

కిషన్ రావు నోట రావలసిన మాట మా వాడి నోట వచ్చింది. దొర విత్తిన విత్తనానికి మా ఇంట్లో కూడా మొలక వస్తుందని ఆ రోజు చూశాను, ఒళ్ళు మండింది.

లిదియక్క అప్పుడు మాట్లాడింది. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు.

"నాకోసమని ఎవ్వరు రాయొద్దు. నాకు పెన్షన్ వస్తది, గంజో గటకో తాగుత. గని ఒక్కటి ఆలోచించుండ్రి. ముప్పయ్యేండ్లు చేసినంక పనికిరాదని రాసి పంపిండ్లు, అది తుడిచేదాక నాకు నిద్ర పట్టది. అది నా బాధ. మీ బాధ వేరే ఉన్నది. వాళ్ళకు కావలసింది నా ఒక్క వేలు కాదు. లైన్ల ముందు నేనున్న, నాది తీసిండ్లు. వెనక మీరున్నరు."

మల్లక్క మొదట సంతకం పెట్టింది. జ్వరం అబద్ధం, జాతరకు పోయాను, నా బదులు లిదియా చేసింది, ఆమె బదులు నేను చేశాను అని. తర్వాత నేను పెట్టాను, తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. స్టోర్స్ అతను కూడా వచ్చాడు. యాకయ్య మాత్రం తువ్వాల దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెనక హమాలీలంతా వెళ్ళారు. నాకు కోపం వచ్చింది, కానీ ఆయన బిడ్డ నర్సింగ్ చదువు కూడా కళ్ళ ముందు కనబడింది.

హారిక తిరుగు రైలు ఎక్కేటప్పుడు కాజీపేట ప్లాట్‌ఫారం మీద యాకయ్య ఎదురొచ్చాడు. వెనక హమాలీలు.

"కాయిదం ఏదమ్మా?" అన్నాడు. "మాకు జ్వరం తగ్గింది."

*

కోర్టులో మా వంతు వచ్చిన రోజు వెనక బెంచీలు మావే. సంస్థ వకీలు చాలాసేపు మాట్లాడాడు. పనికిరాని కొమ్మను నరికే హక్కు తోటయజమానికి ఉంటుందన్నాడు, యాజమాన్యం తృప్తిపడితే చాలునన్నాడు. జడ్జి అడ్డు రాలేదు. హారిక మా ప్రమాణ పత్రాలు చూపించాక మాత్రం ఆయన కళ్ళజోడు సరిచేసుకున్నాడు.

"జాతర రోజుల్లో ప్లాంటు నడిచిందా?" అని సంస్థ వకీలును అడిగాడు.

"నడిచింది, మై లార్డ్. ఒక్క షిఫ్టు కూడా ఆగలేదు."

"సగం మందికి జ్వరమని మీ ఫైలే చెబుతోంది. మరి ఎవరు నడిపారు?"

ఆ వకీలు కాగితాలు తిరగేశాడు. కిషన్ రావు పక్క బెంచీలో ఉన్నాడు, ఆయన ఫోను చూసుకున్నాడు. మల్లక్క నా డొక్కలో పొడిచింది, నవ్వొద్దని. నవ్వు ఆమెకే ఆగడం లేదు.

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. యాజమాన్యం తెలిసి వాడుకున్న రివాజునే ఒక్క మనిషి మీద తప్పుగా మోపిందని, ఆమె పనిని తప్పుపట్టే ఆధారం ఏమీ లేదని, ఆ ఉత్తర్వు నిరంకుశమని కొట్టేసింది కోర్టు. ఆమెను పనిలోకి తీసుకోమంది. చివరి వాక్యంలో ఇంకొకటి కూడా రాసింది. చట్టప్రకారం కొత్తగా నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ సంస్థకు ఉంది అని.

మేం కోర్టు బయట చప్పట్లు కొట్టాం. లిదియక్క మొదట ఏడ్చింది, తర్వాత ఆ చివరి వాక్యాన్ని హారికతో రెండోసారి చదివించుకుంది.

"మచ్చ తుడిచిండు, అందుకు దండం" అంది. "గని బిడ్డా, తలుపు తీసి గొళ్ళెం మళ్ళ వాళ్ళ చేతికే ఇచ్చిండు గద."

ఆమె అన్నట్టే అయింది. తీర్పు పట్టుకుని గేటు దగ్గరికి పోతే కాపీ రాలేదన్నారు. కాపీ వచ్చాక లీగల్ ఒపీనియన్ అన్నారు. లిదియక్క రోజూ డ్యూటీ చీర కట్టుకుని వచ్చి గేటు పక్క గోడ నీడన కూర్చునేది. షిఫ్టు మారేటప్పుడు మేం ఆమె చుట్టూ కూర్చుని అన్నం తినేవాళ్ళం. గేటు మీటింగులు అక్కడే పుట్టాయి. పక్క మిల్లులవాళ్ళు ఆగారు, హన్మకొండ కాలేజీల విద్యార్థులు వచ్చారు. కోర్టు ఒక ఉత్తర్వును కొట్టేస్తుంది, ఆ ఉత్తర్వును పుట్టించే చెయ్యిని కొట్టేయదు అని మేం పుస్తకంలో చదవలేదు. ఆ గోడ నీడన నేర్చుకున్నాం.

ఇంతలో మళ్ళీ జాతర వచ్చింది. కిషన్ రావు సర్క్యులర్ అంటించాడు. బదులు డ్యూటీ నేరం. జాతర రోజుల్లో మిషన్లను కాంట్రాక్టరు మనుషులు నడుపుతారు. రానివాళ్ళ మీద సమీక్ష ఉంటుంది.

ఎత్తు ఎవరికైనా అర్థమవుతుంది. జాతరకు పోతే మా మిషన్ల మీద వాడి మనుషులు కూర్చుంటారు, ఇక లేవరు. పోకపోతే తల్లి మొక్కు తప్పుతుంది. దేవత కావాలా, కూడు కావాలా తేల్చుకోమన్నాడు.

"రెండు కావాలె" అంది మల్లక్క గేటు మీటింగులో. "అప్పుడు దాసుకొని చేసినం, అందుకే దెబ్బ తిన్నం. ఈసారి గేటు మీద రాసి చేద్దాం."

అలాగే చేశాం. ఎవరి బదులు ఎవరు చేస్తారో పెద్ద అక్షరాలతో రాసి, కిషన్ రావు సర్క్యులర్ పక్కనే అంటించాం. మల్లక్క పేరు ఎదురుగా లిదియక్క పేరు. నేను ఈసారి జాతరకు పోకుండా మిషన్ మీదే ఉంటానన్నాను. జాతర బస్సు కదిలిన పొద్దున, లిదియక్కను మధ్యలో పెట్టుకుని మిగిలిన షిఫ్టు మొత్తం గేటు దాటింది. వేలిముద్ర మిషన్ పక్కనుంచే పోయాం. కాంట్రాక్టరు మనుషులు లారీ దిగారు. మీరూ కూలోళ్ళే, తమ్మీ, మా నోటికాడి కూడు గుంజుకోకుండ్రి అని మావాళ్ళలో ఫ్రాన్సిస్ అనే అతను వాళ్ళకు చెప్పాడు. కొందరు లారీ ఎక్కి తిరిగిపోయారు, కొందరు బయట కూర్చుని మా చాయ్ తాగారు. ఆ రోజంతా ప్లాంటు నడిచింది.

మర్నాడు పోలీసులు వచ్చారు. కిషన్ రావు షెడ్డు గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా మాట్లాడాడు.

"లిదియా, నువ్వు ఈ సంస్థ ఉద్యోగివి కావు. ఇది అక్రమంగా చొరబడడం."

"ఉద్యోగినే అని కోర్టు చెప్పింది సార్" అంది ఆమె, బెల్టు మీది గింజలనుంచి కళ్ళు ఎత్తకుండా. "ఆ మాట మీకు ఇంక చేరలేదంటాండ్లు. మిషన్ల విత్తనాల లాట్ ఉన్నది. ఇడిసిపెట్టి వస్తే పుచ్చు గింజలు బస్తాలకు పోతయి. రైతు నాశనమైతడు. అయిపోనియ్యుండ్రి, నేనే వస్త."

మహిళా కానిస్టేబుళ్ళు కాస్త ఆగారు. కిషన్ రావు ఆగనివ్వలేదు. బెల్టు నడుస్తుండగానే ఆమెను రెండు రెక్కలూ పట్టుకుని తీసుకుపోయారు. ఆమె చేతిలో గుప్పెడు పుచ్చు గింజలు ఉన్నాయి, పోతూ పోతూ వాటిని తీసి పక్క డబ్బాలో వేసింది. పక్క బెల్టు దగ్గరి హెప్సిబా ఏడుస్తూనే వెళ్ళి ఆమె స్థానంలో నిలబడింది. నేను మిషన్ ఆపలేదు. ఆపితే వాళ్ళు గెలిచినట్టు.

మేడారంలో ఫోన్లు కలవవు. అయినా కబురు ఎలా చేరిందో చేరింది. మర్నాడు పొద్దున నేను పోలీస్ స్టేషన్ ముందు ఉన్నాను. జాతర బస్సు ఇళ్ళ వైపు పోకుండా నేరుగా అక్కడికే వచ్చి ఆగింది. ముందు మల్లక్క దిగింది. మొహం నిండా పసుపు, కాళ్ళ నిండా దుమ్ము, చేతిలో ఖర్జూరాల పొట్లం. లోపలికి పోయి ఎస్సై బల్ల ముందు నిలబడింది.

"లిదియక్కను పంపుండ్రి సార్. మిషన్ మీద ఆమె చెయ్యి పడాలె. ఆమె బదులు నేను కూసుంట."

ఎస్సైకి చిరాకూ నవ్వూ కలిసి వచ్చాయి. "బదులు కూసునుడు చట్టంల లేదమ్మా."

"మా దగ్గర ఉన్నది సార్."

లోపలి గదిలోంచి లిదియక్క, "మల్లక్కా, మొక్కు మంచిగ చెల్లిందా?" అని అడిగింది. చెల్లిందని మల్లక్క చెప్పింది, పొట్లం కానిస్టేబుల్ చేతికిచ్చింది, చెంగు పరుచుకుని అక్కడే నేల మీద కూర్చుంది.

ఆమె వెనకనుంచి యాకయ్య ముందుకు వచ్చి తువ్వాల భుజాన వేసుకున్నాడు. "నా పేరు కూడ రాసుకోండి సార్. మేడారం పోయొచ్చిన. ఈసారి జ్వరం లేదు."

కానిస్టేబుల్ ఎస్సై వైపు చూశాడు. ఎస్సై కిటికీలోంచి బయటికి చూశాడు. బస్సులోంచి మావాళ్ళు ఇంకా దిగుతూనే ఉన్నారు.